దూలం రాల్చిన కుంకుమ

మాది కుంకుమ అంగడి. తమిళనాడు ధర్మపురిలో, బజారు వీధిలో ముందర అంగడి, వెనకాల ఇల్లు. పసుపు, కుంకుమ, కర్పూరం, సాంబ్రాణి, ఇవే మా సరుకు. తీర్థమలై గుడి ఉన్న కొండ కింద అంగళ్ళకు కూడా సరుకు మేమే వేస్తాము. పెండ్లయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుండి నా వేళ్ళు ఎర్రగానే ఉన్నాయి. ఏది పసుపుతో చేసిన కుంకుమ, ఏది పిండికి రంగు కలిపినది అని చిటికెడు తీసి రెండు వేళ్ళ మధ్య నలిపి కళ్ళు మూసుకొని చెప్తాను. ఆ విద్య నాకు నేర్పింది మా అత్త. తెలుగు అక్షరాలు నేర్పింది కూడా ఆమే. మా ఇంట్లో మాట తెలుగే గానీ, చదవడం వచ్చింది ఆమెకూ నాకూ మాత్రమే. ఇది రాస్తే చదవగలిగిన మనిషి ఇంట్లో ఆమె ఒక్కతే. చదవనీ.

అట్లాంటి నేను, కుంకుమ కానిదాన్ని కుంకుమ అని ఒప్పుకొని మూడు నెలలు నోరు మూసుకొని ఉన్నాను. ఎందుకున్నానో చెప్తాను.

అప్పటికి మా మామ పోయి ఏడాది కావస్తా ఉండింది. ఆయన పోయినాక పదకొండో దినము అత్త బొట్టు తీసేసింది. "ఈ కాలంలో ఎవరు తీస్తా ఉన్నారు అత్తా, పెట్టుకోండి" అని నేను చెప్పినాను. మా కూతురు ఏడ్చి మరీ చెప్పింది. వినలేదు. యాభై ఏండ్లుగా ఊరికంతా కుంకుమ తూచిన మనిషి అంగట్లోకి రావడమే మానుకుంది. డబ్బాలు ముట్టుకోదు. నడిమింట్లో అమ్మవారి పటం ఉన్న మూలలో చాప వేసుకొని, గోడకు ఆనుకొని కూర్చుంటుంది. పెట్టిన అన్నం రెండు ముద్దలు కెలికి లేస్తుంది. చూస్తా ఉండగానే ఒళ్ళు సగమైపోయింది. నాకు కోపమే వచ్చేది, దాచేదేముంది. బతికున్నవాళ్ళం మేము ఈమె కంటికి ఆనలేదా అని. ఆ కోపం వెనకాల ఉండింది భయమే.

దీపావళి వచ్చే ఐప్పసి నెల వానలు కొంచెం తెరిపిచ్చిన ఒక శుక్రవారం, పొద్దున్నే ఆమె నన్ను కేక వేసింది. ఎన్నాళ్ళకో ఆ గొంతు విన్నాను. చేతిలో పని వదిలేసి పరుగెత్తినాను. పటం కింద పీట మీద, నేల మీద, ఆమె చాప అంచున సన్నగా ఎర్రటి పొడి. మా అంగట్లో ముదురు కుంకుమ ఎట్లుంటుందో, అచ్చం ఆ రంగే.

"చూడమ్మా, అమ్మ రాల్చింది. నాకు రాల్చింది" అంది. నేను ఏదో అనేలోపల, నలిపి చూడకుండానే వేలితో అద్దుకొని నొసట పెట్టుకుంది.

నేను కూడా చిటికెడు తీసి నలిపినాను. అలవాటైన చెయ్యి ఊరకుండదు కదా. వేళ్ళకు ఎరుపు పట్టలేదు. పసుపు వాసన లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే తడిసిన గోనెసంచి వాసన. ఊదితే పొగలాగా లేచి పోయింది. ఇది కుంకుమ కాదని అప్పుడే, అక్కడే నాకు తెలిసిపోయింది. మరి ఏమిటి? పైకి చూసినాను. పటానికి పైన, గోడలోకి దిగిన దూలం. మాది పాతకాలపు సున్నపు మిద్దె, టేకు దూలాల మీద నిలబడింది. ఆ దూలం ఎప్పుడూ ఉన్నట్టే నల్లగా, లావుగా ఉంది.

చెప్పేద్దామనే అనుకున్నాను, నిజంగా. అయితే ఆ దినము మధ్యాహ్నం ఆమె మారు అన్నం అడిగింది. రసం పోసుకొని కలుపుకొని, "ఉప్పు వెయ్యడం ఎప్పుడు నేర్చుకుంటావే నువ్వు" అని నన్ను తిట్టింది. ఏడాదిగా ఆ తిట్టుకు మొహం వాచి ఉన్నాను. వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చినాను. ఇంగ ఏం చెప్పేది?

పొడి ఆగలేదు. రెండు దినాలకోసారి, మూడు దినాలకోసారి పటం కింద కనబడేది. ఆమె దాన్ని మెత్తటి గుడ్డతో పోగుచేసి వెండి భరిణెలో పెట్టుకునేది. స్నానం చేసి, బొట్టు పెట్టుకొని, అంగట్లోకి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. పక్కింటి ఆడవాళ్ళు వచ్చి ఒక చిటికెడు ఇమ్మని అడిగితే, గర్వంగా ఇచ్చేది. నేను మాత్రం పటానికి దండం పెట్టేటప్పుడు అమ్మవారి మొహం చూసేదాన్ని కాదు. దూలం చూసేదాన్ని.

అంతవరకూ అదొక అబద్ధం, అంతే. ఎవరికీ నష్టం లేని అబద్ధం అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. అది అబద్ధంగా మిగలక ప్రాణభయంగా మారింది నా కూతురు పురిటికి వచ్చినాక. ఆమెను కడత్తూరులో ఇచ్చినాము. తొలి కాన్పు పుట్టింటి వంతు కదా. ఆడబిడ్డ పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. ఆస్పత్రి నుండి ఇంటికి వచ్చిన దినమే అత్త దూలం నడుమ ఉన్న ఇనుప కొక్కేన్ని చూపించి, "ముప్పయ్యో దినము నా మునిమనవరాలు అక్కడ ఊగాల" అంది.

ఆ కొక్కెం సంగతి చెప్పాల. మా ఇంట్లో పుట్టిన బిడ్డ ఎవరైనా సరే, ముప్పయ్యో దినము టేకు ఉయ్యాలను నాలుగు గొలుసులతో ఆ కొక్కేనికి కట్టి, అందులోనే మొదటిసారి పండబెట్టాల. మా మామ పడుకున్నాడు, మా ఆయన పడుకున్నాడు, నా కూతురు పడుకుంది. ఆ ఉయ్యాలను అటక మీద నుండి దించడానికి ఇద్దరు మగవాళ్ళు కావాల, అంత బరువు. దాన్లో బిడ్డ, చుట్టూ పాటలు పాడే ఆడవాళ్ళు, పైన ఆ దూలం. ఒక కొన గోడలో దిగినచోట పొడి రాల్చే దూలం.

ఆ దూలం ఉయ్యాలను ఆపుతుందా అని మా ఆయనతో అన్నాను. లెక్క చూసుకుంటా ఉన్న మనిషి తల కూడా ఎత్తలేదు. "మా తాత కాలపు టేకు. మనందరినీ సాగనంపి నిలబడుతుంది అది. చెద పట్టినా మట్టి కనబడాల కదా, ఎక్కడుంది మట్టి?" అన్నాడు. అది నిజమే. చెద పడితే గోడ మీద మట్టిగీత పాకాల. ఒక్క గీత లేదు. "అమ్మ దగ్గర ఈ మాట ఎత్తొద్దు. ఇప్పుడే కదా మనిషయింది" అని కూడా అన్నాడు. పొడి సంగతి నేను ఏమీ చెప్పకుండానే ఆయనకూ తెలుసు, అది కుంకుమ కాదని. కుంకుమ అమ్మి బతికేవాడికి తెలియకుండా ఎట్లుంటుంది? ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఇంగ నాకు ఇంట్లో కూర్చోను లేదు, నిలబడను లేదు. బిడ్డను ఆ మూల దగ్గర పండబెడితే తీసుకొనిపోయి కిటికీ పక్కన వేసేదాన్ని. "గాలి రావాల" అనేదాన్ని. కిటికీ పక్కనుండి మళ్ళీ ఎవరైనా మారిస్తే, "దోమలున్నాయి" అనేదాన్ని. పొద్దస్తమానం పైకి చూసి చూసి మెడ పట్టుకుంది. "అమ్మకు పైకప్పులో ఏదో నిధి దొరికింది, మాకు చెప్పకుండా చూసుకుంటా ఉండాది" అని నా కూతురు ఎగతాళి చేసేది.

ఒక దినము అత్త భరిణె తీసుకొని వచ్చి బిడ్డ నొసట ఆ పొడి పెట్టబోయింది. నేను ఆమె చెయ్యి గబుక్కున పట్టుకున్నాను. పెండ్లయిన ఇన్నేండ్లలో ఆమె చెయ్యి అట్ల పట్టుకున్నది ఎప్పుడూ లేదు.

"ఏమే?" అంది.

"పసిబిడ్డ చర్మం అత్తా. పుండవుతుంది."

"అమ్మవారి కుంకుమకు పుండా? ఎవరు చెప్పినారు నీకు?"

"డాక్టరమ్మ" అన్నాను. ఏ డాక్టరమ్మా చెప్పలేదు. ఆమె నన్ను చాలాసేపు చూసింది. తర్వాత భరిణె మూసి కొంగున ముడివేసుకొని వెళ్ళిపోయింది. ఆ చూపు ఏమిటో నాకు అప్పుడు తెలియలేదు.

ముప్పయ్యో దినానికి ఇంకా మూడు దినాలుందనగా నాకు ఒక బుద్ధి పుట్టింది. మధ్యాహ్నం తల్లీబిడ్డా లోపలి గదిలో నిద్రపోతా ఉన్నారు, అత్త అంగట్లో ఉంది. వెనక గోదాములోని పసుపుకొమ్ముల సంచులు, పది కిలోలవి రెండు, ఈడ్చుకొచ్చి స్టూలు ఎక్కి ఒకదాని తర్వాత ఒకటి ఆ కొక్కేనికి తగిలించినాను. చెమట కారిపోతా ఉంది. కింద నిలబడి చూసినాను. కదల్లేదు. మెల్లగా తోసి ఊపినాను. కదల్లేదు. అర్ధగంట అట్లనే ఉంచినాను. ఏమీ కాలేదు. అబ్బా, ఎంత పిచ్చిదాన్ని, ఊరికే చచ్చినాను ఇన్ని దినాలూ అని నవ్వు వచ్చింది. ఆ సాయంత్రం మెడనొప్పి కూడా తగ్గింది, నమ్ముతారో లేదో.

మరుసటి పొద్దున పటం కింద పొడితో పాటు కట్టె ముక్కలు రాలి ఉన్నాయి. చిన్నచిన్న చదరపు ముక్కలు, కత్తితో కోసినట్టు, గోధుమ రంగువి. ఒకటి తీసి నలిపినాను. టేకు ముక్క బిస్కెట్టు మాదిరి నా వేళ్ళలో పొడి అయిపోయింది.

అత్త లేవకముందే ఆ ముక్కలన్నీ ఊడ్చి కొంగులో మూటకట్టుకున్నాను. కూతుర్ని పిలిచి, ఫోనులో దూలం కొనను ఫోటో తియ్యమన్నాను. ఆమె ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి చూపించింది. గోడకూ దూలానికీ సందులో, పైభాగాన, దోసె అంటుకున్నట్టు ఏదో పరుచుకొని ఉంది. నడుమ ఎర్రమట్టి రంగు, అంచు తెల్లగా. కింద నిలబడితే కనబడదు. "అమ్మా, ఏమిటిది?" అంది నా కూతురు. ఎగతాళి పోయింది ఆ గొంతులో.

వడ్రంగి ఆచారికి ఫోన్ చేసినాను. సేలం పక్క పల్లె ఆయనది, మా ఇంటి తలుపులన్నీ ఆయన తండ్రి చేతివే. మరుసటి దినము పొద్దున తొమ్మిదికి వస్తానన్నాడు. అదే ముప్పయ్యో దినానికి ముందు దినము. తొమ్మిదయింది, పదకొండయింది, మనిషి లేడు. తొప్పూరు కనుమలో లారీ పడి బండ్లన్నీ ఆగిపోయినాయని ఫోను చేసినాడు. అప్పటికే మా ఆయనా, అంగట్లో పనిచేసే మనిషీ అటక మీది ఉయ్యాల దించి తుడుస్తా ఉన్నారు. గొలుసుల చప్పుడు వినబడినప్పుడల్లా నాకు ప్రాణం పోయి వస్తా ఉంది.

ఒంటిగంటకు వచ్చినాడు ఆచారి. "కొక్కేనికి నూనె పెట్టడానికి పిలిచినాను" అని అత్తకు చెప్పినాను. ఆమె పటం కింద చాప మీద కూర్చొని, చూస్తా ఉంది. ఆయన నిచ్చెన ఎక్కి కొక్కెం దగ్గర ఉలిపిడితో తట్టినాడు. గట్టిగా పలికింది. తట్టుకుంటా గోడవైపు జరిగినాడు. జరిగేకొద్దీ చప్పుడు మారింది. కొన దగ్గర తడిసిన మద్దెలలాగా బొదబొదమంది. ఉలి మొన పెట్టి అరచేత్తో ఒక నెట్టు నెట్టినాడు. ఉలి పిడిదాకా లోపలికి పోయింది.

ఆచారి తమిళంలో అన్నాడు: "అక్కా, ఇది చెద కాదు. వానాకాలం కట్టెల మీద కుక్కగొడుగులు వస్తాయే, వాటి జాతి. తడి ఉంటే చాలు, మానును లోపలినుండి తినేస్తుంది. పైన తోలు అట్లనే ఉంటుంది, మనం బాగుందనుకుంటాము. నడుమ గట్టిగానే ఉంది. గోడ మీద కూర్చునే కొన లేదు. ఇది తోలు మీద నిలబడి ఉంది."

"మరి ఈ పొడి?" అని అడిగింది నా కూతురు.

"అదా? అది దాని విత్తనం."

అత్త లేచింది. చెయ్యి చాపి, "ఆ ముక్క ఇటియ్యి" అంది. ఆచారి ఉలికి అంటుకున్న తడి కట్టె ముక్క ఇచ్చినాడు. ఆమె దాన్ని రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపింది, నాకు నేర్పినట్టే. ముక్కు దగ్గర పెట్టుకొని చూసింది. తర్వాత కొంగుతో నొసటి బొట్టు తుడిచేసుకుంది.

"ఇది మన సరుకు కాదు" అంది. అంతే. భరిణె తీసి పీట మీద పెట్టి పక్కకు జరిగి నిలబడింది.

"నీళ్ళు ఎక్కడనుండి దిగుతా ఉన్నాయో చూడాల" అని ఆచారి మిద్దె ఎక్కినాడు. అందరం వెనకాలే ఎక్కినాము, అత్త కూడా గోడ పట్టుకొని ఎక్కింది. ఆ దూలం కొనకు సరిగ్గా పైన ఏముందో నేను ఇంత వరకూ మీకు చెప్పలేదు. చెప్పడానికి నాకే తోచలేదు, ఎందుకంటే నేను రోజూ చూసేది అదే. నా తులసికోట.

మునుపు అది పెరట్లో ఉండేది. పెరడు సరుకు గోదాము చేసినప్పుడు, తులసిని మిద్దె మీదికి మార్చుదామని పట్టుబట్టింది నేను. "నేలలో ఉండేదాన్ని నేలలో ఉండనీవే" అని అత్త ఎంతో చెప్పింది. అప్పుడు నాకు వయసు, నోరు, రెండూ ఎక్కువే. నెగ్గించుకున్నాను. పన్నెండేండ్లుగా ప్రతి పొద్దునా స్నానం చేసి, చెంబెడు నీళ్ళు తులసికి పోసి, మూడు చుట్లు తిరిగి దండం పెడతాను. ఒక్క దినము తప్పలేదు. ఊరికి పోయినా కూతురితో పోయించినాను. ఆచారి కోట అడుగున చెయ్యి పెట్టి సున్నం పెచ్చు లేపినాడు. కింద నల్లగా, మెత్తగా, చెమ్మగా ఉంది. పన్నెండేండ్ల నీళ్ళు అక్కడినుండే దిగినాయి.

అత్త నమ్మకాన్ని చూసి లోపల్లోపల జాలిపడినదాన్ని. నాకన్నీ తెలుసని మూడు నెలలు ఆమెను పసిబిడ్డలాగా కాపాడినాననుకున్నదాన్ని. దూలాన్ని చేతులారా కుళ్ళబెట్టింది నేనే. తల కొట్టేసినట్టయింది. అత్త ఏమంటుందా అని చూసినాను. అనడానికి ఆమెకు హక్కుంది. అనలేదు. తులసి ఆకు ఒకటి తుంచి నోట్లో వేసుకొని దిగిపోయింది. ఆ సాయంత్రం అన్నం వద్దంది.

స్లాబు వేసేటప్పుడు నిలబెట్టే ఇనుప జాకీలు తెప్పించి దూలం కింద నిలబెట్టినారు. నడిమింటికి తాళం వేసినాము. మరుసటి దినము పొద్దున కడత్తూరు వాళ్ళు వచ్చేసినారు. కూర్చోబెట్టడానికి చోటేది? అంగడి సగం తలుపు దించి, సంచులు గోడకు నెట్టి, అక్కడే చాపలు పరిచినాము. అంగడికి కొత్త స్లాబు, కొక్కెం లేదు. ఉయ్యాల ఒక మూల ఊరికే కూర్చొని ఉంది. ఉయ్యాల కట్టకపోతే బిడ్డకు మంచిది కాదేమో అని వియ్యపురాలి తరఫు ముసలామె ఒకామె గొణగడం మొదలుపెట్టింది. నా కూతురి కళ్ళు నిండుతా ఉన్నాయి.

అప్పుడు అత్త లోపలినుండి వచ్చింది. తల స్నానం చేసింది, నొసలు బోసిగా ఉంది. చేతిలో తన పెండ్లినాటి పట్టుచీర. దాన్ని రెండు మడతలు వేసి ఒక కొన తన చేతికి చుట్టుకొని, ఇంకో కొన నాకు అందించింది. ఇద్దరం రెండు పక్కలా పట్టుకొని నిలబడితే అదే ఉయ్యాల. ఆమె ఆలోచన నాకు అర్థమయింది. అయితే నేను ఆ కొన వెంటనే అందుకోలేదు. నా వెనకాల ముదురు కుంకుమ డబ్బా ఉంది. మూత తీసినాను. చిటికెడు తీసుకొని, అందరూ చూస్తా ఉండగా ఆమె నొసట పెట్టబోయినాను.

ఆమె నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా, ఆ దినము నేను పట్టుకున్నట్టే. భరిణె మూసేముందు చూసిన చూపే మళ్ళీ చూసింది.

"నీకు ఎప్పటినుండి తెలుసు?" అంది మెల్లగా, నాకు మాత్రం వినబడేటట్టు.

"మొదటి దినమే" అన్నాను.

"మరి చెప్పలేదేమే?"

"మీరు అన్నం తింటా ఉండినారు అత్తా."

ఆమె నా మణికట్టు వెంటనే వదల్లేదు. నా వేళ్ళను తన ముక్కు దగ్గరికి తీసుకొని వాసన చూసింది. పసుపు వాసన. తర్వాత చెయ్యి వదిలేసి, నాకు అందేటట్టు తల కొంచెం వంచింది. బొట్టు పెట్టినాను.

"ఇంగ పట్టుకో" అంది. చీర కొన చేతికి చుట్టుకున్నాను. నా కూతురు బిడ్డను తెచ్చి నడుమ పండబెట్టింది. చిన్న బిడ్డే గానీ బరువు చేతుల్లోకి వచ్చేసరికి నా వైపు చీర కొంచెం కిందికి దిగింది.

"గట్టిగా పట్టుకోవే. నేను పట్టుకోలేదా?" అని తిట్టింది అత్త.

ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. ఇద్దరం మెల్లగా ఊపినాము. పాట అయ్యేదాకా నేను చీరనూ, బిడ్డనూ, ఆమె నొసటినీ చూస్తా నిలబడినాను. పైకి ఒక్కసారి కూడా చూడలేదు.